తాత్కాలికం అన్న ఒక్క మాట: జార్ గద్దె దిగాక రష్యాలో కొత్త ప్రభుత్వం చిక్కుకొన్న ముడులు

1917 మార్చి 16న రష్యా రాజధాని పెట్రోగ్రాడ్‌లోని మిలియొన్నయా వీధిలో, ఒక ప్రభువంశీకురాలి ఇంట్లో, ఆ ఇంటి అమ్మాయి చదువుకొనే గదిలో, బడిపిల్లల బల్ల ముందు కూర్చొని న్యాయకోవిదులు ఒక కాగితం రాశారు. అంతకు ముందు రోజే జార్ రెండవ నికోలాస్ ప్స్కోవ్‌లో ఆగి ఉన్న తన రైలు పెట్టెలో సింహాసనాన్ని వదులుకొని, తమ్ముడు మిఖాయిల్‌ను వారసుడిగా ప్రకటించాడు. తమ్ముడు ఆ భారాన్ని తలకెత్తుకోవడానికి సిద్ధపడలేదు. సార్వత్రిక ఓటుతో ఎన్నికైన రాజ్యాంగ సభ కోరితే తప్ప అధికారం స్వీకరించనని, అప్పటివరకు సర్వాధికారాలు తాత్కాలిక ప్రభుత్వానివేనని, పౌరులందరూ దానికి లోబడి ఉండాలని ఆ కాగితం చెప్పింది. 1613లో మొదలైన రొమానోవ్ వంశపు ఏలుబడి 304 ఏళ్ల తరువాత ఒక చిన్నపిల్ల చదువు బల్ల మీద ముగిసిపోయింది.

ఆ కాగితాన్ని నిదానంగా చదివితే తరువాతి ఎనిమిది నెలల కథకు మూలం అందులోనే కనిపిస్తుంది. ఒక్క రోజైనా ఏలని మనిషి, తన చేతిలో లేని అధికారాన్ని, జనం ఎన్నుకోని మంత్రులకు అప్పగిస్తున్నాడు. ఆ మంత్రులేమో రాజ్యాంగ సభ వచ్చేదాకా దానికి కాపలాదారులుగా మాత్రమే ఉంటామంటూ పుచ్చుకొంటున్నారు. కొత్త ప్రభుత్వం తనకు పెట్టుకొన్న పేరు కూడా అదే చెబుతుంది: తాత్కాలిక ప్రభుత్వం. (అప్పటి రష్యా క్యాలెండర్ నేటి క్యాలెండర్ కంటే 13 రోజులు వెనక నడిచేది. ఇక్కడి తేదీలన్నీ నేటి లెక్క ప్రకారం ఇచ్చాను. అందుకే ఫిబ్రవరి విప్లవం మార్చిలోనూ అక్టోబరు విప్లవం నవంబరులోనూ కనిపిస్తాయి.)

ఈ ప్రభుత్వం ఎందుకు నిలవలేదన్న ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. బోల్షివిక్ పార్టీ నాయకుడు లెనిన్ వ్యూహం దాన్ని పడగొట్టిందని ఒకరంటే, చివరి ప్రధాని కెరెన్‌స్కీ చేతకానితనం ముంచిందని మరొకరంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కానీ రెండూ అసలు విషయాన్ని దాటేస్తాయి. అప్పటికి నడుస్తున్న మొదటి ప్రపంచ యుద్ధం, భూమి, తిండి, సైన్యం, ఎన్నిక అనే ఐదు సమస్యలు ఒక్కొక్కటిగా వచ్చి ఉంటే ఆ మంత్రులు దేన్నైనా తీర్చగలిగేవారేమో. అవి ఒకదానిలో ఒకటి మెలిపడి వచ్చాయి. ఒక ముడి విప్పబోతే మరొకటి బిగిసింది. అన్నింటి నడుమ ఉన్న ముడి యుద్ధం, దాని జోలికి మాత్రం వారు వెళ్లలేదు.

రాచరికాన్ని కూల్చినవారు, దాని స్థానంలోకి వచ్చినవారు ఒకరు కాదన్నది మొదట గుర్తుంచుకోవాలి. మార్చి 8న, అంతర్జాతీయ మహిళా దినాన, రొట్టె దుకాణాల ముందు గంటల తరబడి బారులు తీరి విసిగిపోయిన జౌళి మిల్లుల స్త్రీలు పని ఆపి వీధుల్లోకి వచ్చారు. వారి వెంట ఉక్కు కర్మాగారాల కార్మికులు కదిలారు. మార్చి 12న రాజధానిలోని సైనిక దళాలు వారి మీద కాల్పులు జరపడానికి నిరాకరించి తిరగబడ్డాయి. అయితే మంత్రివర్గంలో కూర్చొన్నవారు వేరు. ప్రధాని గియోర్గి ల్వోవ్ జమీందారీ వంశపు ప్రిన్స్, స్థానిక సంస్థల సేవలో పేరు తెచ్చుకొన్న మంచి మనిషి. విదేశాంగ మంత్రి మిల్యుకోవ్ చరిత్ర ఆచార్యుడు. యుద్ధ మంత్రి గుచ్‌కోవ్ మాస్కో వర్తక కుటుంబం నుంచి, ఆర్థిక మంత్రి తెరెష్చెంకో చక్కెర మిల్లుల కుటుంబం నుంచి వచ్చారు. వీధిలోని జనానికి తెలిసిన ముఖం న్యాయ మంత్రిగా చేరిన సోషలిస్టు వకీలు కెరెన్‌స్కీ ఒక్కడే.

వీధిలోని జనానికి వేరే సభ ఉంది. కార్మికులు, సైనికులు ఎన్నుకొన్న ప్రతినిధులతో ఏర్పడిన పెట్రోగ్రాడ్ సోవియట్, ప్రభుత్వానికి జన్మనిచ్చిన డ్యూమా (జార్ కాలపు పార్లమెంటు) సంఘం, రెండూ మొదట్లో ఒకే కప్పు కింద, టౌరిడ్ ప్యాలెస్‌లోనే ఉండేవి. ఒక పక్క గదుల్లో డ్యూమా సభ్యులు, మరో పక్క గదుల్లో సోవియట్, నడుమ వరండాల్లో బురద బూట్లతో సైనికులు. చరిత్రలో దీనికి జంట అధికారమని పేరు స్థిరపడింది గానీ, ఆ మాట కొంత పొరపాటు అభిప్రాయం కలిగిస్తుందని నాకనిపిస్తుంది. అక్కడ ఉన్నవి రెండు అధికారాలు కావు. ఒకే అధికారం రెండు ముక్కలై, బాధ్యత ఒకరి దగ్గర, బలం మరొకరి దగ్గర మిగిలాయి. సైన్యం, రైళ్లు, తపాలా, తంతి అన్నీ సోవియట్ చేతిలో ఉన్నాయని, అది అనుమతించినంత మేరకే తమ ఆదేశాలు అమలవుతున్నాయని గుచ్‌కోవ్ మార్చి నెలలోనే సేనాధిపతి అలెక్సేయెవ్‌కు రాసిన లేఖలో ఒప్పుకొన్నాడు. మరి సోవియట్ నాయకులు పగ్గాలు ఎందుకు పట్టలేదు? రష్యాలో జరిగింది మధ్యతరగతి విప్లవం కనుక పాలించవలసింది మధ్యతరగతేనని, తమ పని దాని మీద కన్నేసి ఉంచడమేనని వారి సిద్ధాంతం చెప్పింది. ఆ సిద్ధాంతం వెనక భయం కూడా ఉంది. అధికారం తీసుకొంటే యుద్ధం, ఆకలి తమ నెత్తిన పడతాయని వారికి తెలుసు.

సైన్యంలో ఏం జరిగిందో ఒక చిన్న విషయం ద్వారా చూస్తే బాగా అర్థమవుతుంది. మార్చి 14న సోవియట్ 'ఆర్డర్ నంబర్ 1' పేరుతో ఒక ఉత్తర్వు వెలువరించింది. ప్రతి దళంలోనూ సైనికులు తమ కమిటీని ఎన్నుకోవాలని, ఆయుధాలు అధికారుల చేతిలో కాక కమిటీల అదుపులో ఉండాలని, సోవియట్ మాటకు విరుద్ధం కాని ఆదేశాలనే పాటించాలని అందులో ఉంది. అదే ఉత్తర్వులో, అధికారులు ఇక మీదట సైనికులను 'నువ్వు' అనకూడదన్న నిబంధన కూడా ఉంది. రష్యన్ భాషలోనూ మన తెలుగులో లాగే నువ్వు, మీరు అన్న తేడా ఉంది. తోటివారితో, దగ్గరివారితో నువ్వు అనడంలో చనువుంటుంది; తనను 'మీరు' అని తీరాల్సిన మనిషిని పైవాడు 'నువ్వు' అన్నప్పుడు అందులో అవమానం ఉంటుంది. ఆ తేడా ఎంత లోతుగా గుచ్చుకొంటుందో, ఒకే మనిషిని కులాన్ని బట్టి, కూలిని బట్టి ఏకవచనంతో పిలవడం చూసిన మనకు ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. ట్రాములో లోపలికెక్కి కూర్చొనే హక్కు కూడా లేని సిపాయికి విప్లవం అంటే మొట్టమొదట ఆ 'మీరు' అన్న పిలుపే. దానితోపాటే, అధికారి ఆజ్ఞాపిస్తే లేచి నిలబడవలసిన అవసరం ఏమిటన్న ప్రశ్న కూడా పుట్టింది. గౌరవాన్ని తిరిగి ఇవ్వడం న్యాయం. కానీ పాత సైన్యం ఆ అగౌరవం మీదే నిలబడి ఉంది గనుక, దాన్ని తీసేసిన రోజున సైన్యం కూడా కదిలిపోయింది.

పైగా మంత్రివర్గం ఏర్పడేటప్పుడు సోవియట్‌తో కుదిరిన ఎనిమిది అంశాల ఒప్పందంలో మరో షరతు ఉంది. విప్లవంలో పాల్గొన్న రాజధాని దళాల ఆయుధాలు లాక్కోకూడదు, వాటిని పెట్రోగ్రాడ్ నుంచి తరలించకూడదు. ఏ ప్రభుత్వమైనా తన రాజధానిలోని సైన్యాన్ని కదిలించే హక్కును మొదటి రోజే వదులుకొంటే దానికి మిగిలేదేమిటో ఆలోచించండి. శరత్కాలంలో ఆ దళాలను యుద్ధరంగానికి పంపాలని చూసినప్పుడు, వాటిలో చాలా భాగం బోల్షివిక్కుల నాయకత్వంలోని సైనిక విప్లవ కమిటీ మాటే వింటామని తేల్చి చెప్పాయి. మార్చిలో రాసుకొన్న వాక్యం నవంబరులో వచ్చి మెడకు చుట్టుకొంది.

ఊళ్లలోనూ ఇదే జరిగింది. జార్ గవర్నర్లను ఒక్క తంతితో తొలగించి, ఆ పదవులను జెమ్స్త్వో అనే జిల్లా సంస్థల అధ్యక్షులకు కమిసార్ల పేరుతో ఇచ్చారు. జనం పీడకులుగా చూసిన పోలీసు వ్యవస్థను రద్దు చేసి, ప్రజా మిలీషియా పెట్టారు. మాట్లాడే స్వేచ్ఛ, సంఘం పెట్టుకొనే స్వేచ్ఛ ఇచ్చారు, మతాన్ని బట్టి, జాతిని బట్టి ఉన్న ఆంక్షలను ఎత్తేశారు, మరణశిక్షను తీసేశారు. ఈ పనులను తేలిగ్గా చూసేవారితో నేను ఏకీభవించలేను. కొన్ని వారాల్లో అంత స్వేచ్ఛ ఇచ్చిన ప్రభుత్వాలు లోకంలో బహు తక్కువ. అయితే ఒక విషయం మంత్రులకు ఆలస్యంగా తెలిసింది: రాజు పోతే రాజుతోపాటు పోయేది కిరీటం ఒక్కటే కాదు, 'చెబితే వినాలి' అన్న అలవాటు కూడా. తాసీల్దారు వంటి చిన్న అధికారి మాట చెల్లేది వెనక జార్ ఉన్నాడన్న నమ్మకం వల్ల. ఆ నమ్మకం పోయాక కొత్త అధికారి మాట వినడానికి కొత్త కారణం ఒకటి కావాలి. ఆ కారణం ఎన్నికల నుంచి రావాలి, లేదా కడుపు నిండడం నుంచి, చేతికి భూమి రావడం నుంచి రావాలి.

ఇక యుద్ధం. 1914 నుంచి దాదాపు కోటిన్నర మందిని సైన్యంలో చేర్చుకొన్న దేశం అది. జర్మనీతో విడిగా సంధి చేసుకొంటే బ్రిటన్, ఫ్రాన్స్‌లు ఇచ్చిన అప్పులు ఆగిపోతాయి, జర్మనీ గెలిస్తే కొత్త స్వేచ్ఛ దక్కదన్న భయమూ ఉంది. అది ఉత్త భయం కాదు. మరుసటి సంవత్సరం బ్రెస్ట్-లితోవ్‌స్క్ సంధిలో జర్మనీ ఎంత భూభాగాన్ని గుంజుకొందో చూశాం. కనుక యుద్ధం కొనసాగించాలన్న నిర్ణయాన్ని మూర్ఖత్వం అనలేం. కానీ దేని కోసం కొనసాగించాలి? ఆక్రమణలు, నష్టపరిహారాలు లేని శాంతి కావాలని సోవియట్ కోరింది. ఆచార్యుడు మిల్యుకోవ్ మే 1న మిత్ర దేశాలకు పంపిన నోట్‌లో పాత ఒప్పందాలకు కట్టుబడి ఉంటామని రాశాడు. ఆ పాత ఒప్పందాల్లో కాన్‌స్టాంటినోపుల్, దాని జలసంధులు రష్యాకు దక్కాలన్న షరతు ఉంది. ఎక్కడో బోస్ఫరస్ ఒడ్డున ఉన్న నగరం కోసం తానెందుకు చావాలో వోల్గా ఒడ్డు రైతు బిడ్డకు ఎవరూ చెప్పలేకపోయారు. రెండు రోజుల్లో పెట్రోగ్రాడ్ వీధులు నిండిపోయాయి. మిల్యుకోవ్, గుచ్‌కోవ్ పదవులు వదిలారు, సోవియట్‌లోని సోషలిస్టులు మంత్రివర్గంలో చేరారు. ఆ క్షణం నుంచి సోవియట్ మితవాదులకు కూడా ప్రభుత్వపు ప్రతి లోటులో వాటా వచ్చింది. ఆ వాటా తీసుకోకుండా బయట నిలబడ్డ పెద్ద పార్టీ బోల్షివిక్కులు ఒక్కరే.

అప్పుడు యుద్ధ మంత్రి అయిన కెరెన్‌స్కీ ఒక తెగువ చేశాడు. యుద్ధరంగమంతా తిరిగి, ఉపన్యాసాలతో సైనికులను ఉర్రూతలూగించి, జులై 1న ఆస్ట్రియా ఏలుబడిలోని గలీషియాలో దాడి మొదలుపెట్టించాడు. గెలిస్తే సైన్యంలో క్రమశిక్షణ, ప్రభుత్వానికి పరువు, శాంతి చర్చల్లో బలం మూడూ వస్తాయన్నది ఆయన లెక్క. మొదటి రోజుల్లో కొంత ముందుకు పోయారు. తరువాత దళాలు కందకాలు దాటడానికి నిరాకరించాయి, జర్మన్ ఎదురుదాడి రాగానే సైన్యం చెల్లాచెదురైంది. మార్చిలో రద్దు చేసిన మరణశిక్షను జులై 25న యుద్ధరంగంలో తిరిగి తెచ్చారు. ఏ పనిని తన విప్లవానికి గుర్తుగా చూపుకొన్నదో ఆ పనిని నాలుగు నెలలకు తానే వెనక్కి తీసుకోవలసి రావడం కంటే ఒక ప్రభుత్వానికి పెద్ద ఓటమి లేదు.

సైనికుడు కందకం వదిలి ఎటు వెళ్లాడు? ఊరికి, ఎందుకంటే అక్కడ భూమి పంచుతున్నారు. రష్యా జనాభాలో ఐదింట నాలుగు వంతులకు పైగా పల్లెల్లోనే ఉండేది. 1861లో కట్టుబానిసత్వం రద్దయినప్పుడు తాము దున్నుకొన్న భూమికే తాము డబ్బు కట్టవలసి వచ్చిన అన్యాయాన్ని రైతు కుటుంబాలు మరచిపోలేదు. జార్ పోయాడు గనుక జమీందారు కూడా పోవాలన్నది వారికి తెలిసిన న్యాయం. ప్రభుత్వం భూసంఘాలను ఏర్పరిచి, లెక్కలు సేకరించి, తుది నిర్ణయం రాజ్యాంగ సభదేనని చెప్పింది. ఇందులో నిజాయితీ ఉంది: దేశంలోని భూమినంతా తిరగరాసే హక్కు ఎవరూ ఎన్నుకోని పదిమంది మంత్రులకు ఎక్కడిది? చిక్కు కూడా ఉంది: ఇప్పుడే పంచుతామంటే తన వాటా పోతుందన్న బెంగతో సిపాయిలందరూ ఊరి బాట పడతారు, భూములను తాకట్టు పెట్టుకొని అప్పులిచ్చిన బ్యాంకులు కూలుతాయి. కానీ విత్తు వేసే అదను సభల కోసం ఆగదు. వసంతంలో రైతులు మొదట జమీందారు అడవిలో కలప కొట్టారు, తరువాత ఆయన పచ్చిక బయళ్లలో పశువులను తోలారు, ఎండాకాలానికి ఆయన పొలాన్ని దున్నేశారు. వద్దని చెప్పడానికి పోలీసులు లేరు, పంపడానికి నమ్మకమైన సైన్యం లేదు. చట్టం ఆగింది, పంపకం ఆగలేదు. ఆ పంపకంలో ప్రభుత్వానికి దక్కిన పేరు మాత్రం అడ్డుపడినవారన్నదే.

తిండి విషయం దీనికి తోడైంది. ఏప్రిల్‌లో ప్రభుత్వం ధాన్యం వ్యాపారాన్ని తన గుత్తాధికారంలోకి తీసుకొని ధర నిర్ణయించింది. కాగితం మీద అది సబబే. అయితే రైతు ధాన్యం అమ్మేది నోట్ల మీద ప్రేమతో కాదు, మేకులు, నాగటి కర్రులు, కిరసనాయిలు, బట్ట కొనుక్కోవడానికి. కర్మాగారాలన్నీ ఫిరంగి గుళ్లు చేస్తుంటే అంగట్లో అవేవీ లేవు. దొరికిన కాస్తకూ మండిపోయే ధర. అటువంటప్పుడు ధాన్యం గాదెలో ఉంచుకోవడమే రైతుకు తెలివైన పని. ధర పెంచేది లేదని చెబుతూ వచ్చిన ప్రభుత్వం సెప్టెంబరులో దాన్ని ఒక్కసారిగా రెట్టింపు చేసింది. ముందుగా మాట నమ్మి అమ్మిన రైతు మోసపోయాడు, పట్నంలో కూలివాడి రొట్టె ఇంకా ప్రియమైంది. ఖర్చులకు నోట్లు అచ్చేయడమే దారి అయింది. ఆ రోజుల్లో వచ్చిన 20, 40 రూబుళ్ల నోట్లను జనం 'కెరెన్‌కీలు' అనేవారు. వాటి మీద వరుస సంఖ్య లేదు, సంతకం లేదు. కత్తిరించకుండా పెద్ద తావుల్లోనే వచ్చేవి, కావలసినన్ని కత్తెరతో కత్తిరించి ఇచ్చేవారు. తన నోటు మీద సంతకం కూడా పెట్టని ప్రభుత్వం ఎంతకాలం ఉంటుందని జనం అనుకొని ఉంటారు?

సామ్రాజ్యపు అంచుల్లో కూడా ఇదే 'ఆగండి' అన్న మాట వినిపించింది. ఉక్రెయిన్ స్వపరిపాలన అడిగితే, ఫిన్లాండ్ తన పార్లమెంటు అధికారాలు తనవే అంటే, రాజ్యాంగ సభ తేలుస్తుందని జవాబు వచ్చింది. చివరికి జులైలో ఉక్రెయిన్ రాడాతో (అక్కడి ప్రతినిధుల సభతో) కొందరు మంత్రులు ఒక అంగీకారానికి వస్తే, దాన్ని సహించలేక మిల్యుకోవ్ నాయకుడైన ఉదారవాద కాడెట్ పార్టీ మంత్రులు రాజీనామా చేసి మంత్రివర్గాన్నే పడగొట్టారు.

అన్నీ రాజ్యాంగ సభకే వదిలినప్పుడు, చేయవలసిన మొట్టమొదటి పని ఆ సభను పిలవడం. ఇక్కడే ఆ ప్రభుత్వపు అసలు తప్పు ఉందని నా అభిప్రాయం. పోల్చి చూడండి. ఫ్రాన్స్‌లో 1792 ఆగస్టు 10న రాచరికం కూలింది. శత్రు సైన్యాలు దేశంలోకి చొచ్చుకొచ్చి ఉండగానే ఎన్నికలు జరిపారు. వాల్మీ దగ్గర ప్రష్యన్లను ఆపిన సెప్టెంబరు 20నే కన్వెన్షన్ అనే కొత్త ప్రతినిధుల సభ సమావేశమైంది. పట్టుమని ఆరు వారాలు. జర్మనీలో 1918 నవంబరు 9న చక్రవర్తి కైజర్ గద్దె దిగాడు, రెండు రోజుల్లో యుద్ధ విరమణ జరిగింది, జనవరి 19న ఎన్నికలు జరిగాయి. రష్యాలో ఎన్నికల చట్టం రాసే సంఘమే జూన్‌లో గాని కూర్చోలేదు. ఓటు వయసు ఎంత ఉండాలి, సైన్యం నుంచి పారిపోయినవారికి ఓటు ఉండాలా, జార్ కుటుంబీకులకు ఉండాలా అని దేశంలోని మేటి న్యాయవాదులు శ్రద్ధగా చర్చించారు. ఓటర్ల జాబితాలు రాయడానికి ముందు స్థానిక సంస్థలకు కొత్త ఎన్నికలు కావాలన్నారు. ఫలితంగా వచ్చిన చట్టం ఆ కాలానికి గొప్పది, స్త్రీలకు కూడా సమాన ఓటు ఇచ్చింది. కాని మొదట అనుకొన్న సెప్టెంబరు 30 కాస్తా నవంబరు 25కు జరిగింది. యుద్ధం నడుమ ఎన్నికలు పెడితే రైతుల పార్టీలు గెలుస్తాయని, తాము చితికిపోతామని కాడెట్లకు తెలుసు. వాయిదా వారికి బాధ కలిగించలేదు. తన అధికారం తాత్కాలికమని చెప్పుకొన్నవారు ఆ తాత్కాలికానికి గడువు పెట్టి ఉంటే, 'మూడు నెలలు ఓర్చుకోండి' అన్న మాటను రైతు నమ్మేవాడేమో. గడువు లేని ఓర్పును ఎవరు మాత్రం చూపగలరు?

చివరి దెబ్బ కుడివైపు నుంచి వచ్చింది. జులైలో కెరెన్‌స్కీ ప్రధాని అయ్యాడు. క్రమశిక్షణ తెస్తాడని తానే సేనాధిపతిగా నియమించిన కోర్నిలోవ్ సెప్టెంబరు 9 నాటికి రాజధాని వైపు దళాలను నడిపించాడు. వాటిని ఆపింది ప్రభుత్వం కాదు. పట్టాలు పీకి, బళ్లను దారి మళ్లించిన రైల్వే కార్మికులు, సైనికుల మధ్యకు వెళ్లి మాట్లాడిన సోవియట్ కార్యకర్తలు ఆపారు. ఆ రోజుల్లో కార్మికుల చేతికి వెళ్లిన తుపాకులు తిరిగి రాలేదు. అధికారులు కెరెన్‌స్కీని ద్రోహి అన్నారు, సైనికులు కోర్నిలోవ్‌కు తోడుదొంగ అన్నారు. నవంబరు 7న వింటర్ ప్యాలెస్‌లో మంత్రులు కూర్చొని ఉండగా, వారి కోసం నిలబడ్డది కొద్దిమంది సైనిక విద్యార్థులు, ఒక స్త్రీల దళం, కొందరు కొసాక్కులు మాత్రమే. ఆ అర్ధరాత్రి దాటాక మంత్రులను అరెస్టు చేశారు.

మరుసటి రాత్రి లెనిన్ చదివిన భూమి డిక్రీలో ప్రధాన భాగం బోల్షివిక్కులు రాసింది కాదు. పల్లెల నుంచి వచ్చిన 242 విన్నపాలను క్రోడీకరించి, రైతు సోవియట్ పత్రిక సెప్టెంబరు మొదట్లోనే అచ్చువేసిన పాఠం అది. ఆ సోవియట్‌ను నడిపింది రైతుల మద్దతున్న సోషలిస్టు రివల్యూషనరీ పార్టీ, ఆ పార్టీ నాయకుడు విక్టర్ చెర్నోవ్ అప్పుడు తాత్కాలిక ప్రభుత్వంలో వ్యవసాయ మంత్రి. అచ్చులో ఉన్న తమ సొంత పాఠాన్ని అమలు చేయడానికి ఆయన ప్రభుత్వం రాజ్యాంగ సభ కోసం ఎదురుచూసింది.

ఆ సభ 1918 జనవరి 18న, మొదటి రోజుల్లో డ్యూమా, సోవియట్ పక్కపక్కనే కూర్చొన్న టౌరిడ్ ప్యాలెస్‌లోనే సమావేశమైంది. ఎన్నికల్లో అందరికంటే ఎక్కువ స్థానాలు సోషలిస్టు రివల్యూషనరీలకు, సుమారు నాలుగోవంతు ఓట్లు బోల్షివిక్కులకు వచ్చాయి. సభ చెర్నోవ్‌నే అధ్యక్షుడిగా ఎన్నుకొంది. తెల్లవారుజామున నాలుగు దాటాక, ఆయన భూమి చట్టాన్ని చదువుతూ ఉండగా, కాపలా దళానికి నాయకుడైన జెలెజ్న్యకోవ్ అనే నావికుడు దగ్గరకు వచ్చి, కాపలావారు అలసిపోయారు, ఇక లేవండని చెప్పాడు. సభ్యులూ అలసిపోయారు గాని, రష్యా ఎదురుచూస్తున్న భూమి చట్టాన్ని ఆపలేమని చెర్నోవ్ బదులిచ్చాడు. దీపాలు ఆర్పేస్తామన్న బెదిరింపుల నడుమ, చట్టంలోని మొదటి అంశాలను గబగబా చదివి ఆమోదింపజేసి, రష్యాను ప్రజాస్వామిక సమాఖ్య రిపబ్లిక్‌గా ప్రకటించి సభను వాయిదా వేశారు. ఆ రోజు సాయంత్రం సభ్యులు తిరిగి వచ్చేసరికి ప్యాలెస్ తలుపులకు తాళం వేసి ఉంది.